నట్టింటి బండ

ఇల్లలుకుచు ఈగ తన పేరు మరచిపోయిన కథను వినని తెలుగు బిడ్డ యుండడు. కాని ఆ యీగ చేయుచుండిన పని యెట్టిదో నేటి బిడ్డలకు వేరుగా విడమరచి చెప్పవలసి వచ్చుచున్నది. ఏలయన అలుకుటకు మట్టినేల యుండవలెను, మట్టినేల గల యిల్లు అనంతపురము సీమలో నేడు వెదకినగాని కానరాదు. మా బాల్యమున నైతే పల్లెలో సగము నేలలు మన్నే. శుక్రవారమునాటి వేకువను ఇంటింటను పేడనీటి వాసన లేచుచుండెను. నట్టింట మోకాళ్ళపై వంగి, కుడిచేతితో అర్ధచంద్రములు దిద్దుచు, తాను అలికిన తడిని తాను త్రొక్కకుండ వెనుకకు వెనుకకు జరుగుచు గడప చేరు స్త్రీని చూచినచో, ఈగ తన పేరు మరచిపోవుటలో వింత యేమియు లేదని తోచుచుండెను.

ఆ నేలను వేయుటకు మేస్త్రీతో బేరము లేదు. చెరువెండిన వేసవిలో బండి కట్టుకొనిపోయి ఒండ్రుమట్టి తెచ్చుకొనువారు. దానిలో ఎర్రమన్నును పొట్టును కలిపి, కాళ్ళతో త్రొక్కి, నాననిచ్చి, ఇంటిలో పరచి, కొయ్య దిమ్మిసతో ఇంటిల్లిపాదియు వంతులు వేసికొని మోదుచుండిరి. ఆరుకొలది నెఱ్ఱెలు విచ్చును; నెఱ్ఱెలలోనికి మరల మట్టినీరు పోయవలెను; దానిమీద పేడ. అనంతపురపు పెద్దచెరువును పదునాలుగవ శతాబ్దమున మొదటి బుక్కరాయల మంత్రియైన చిక్కప్ప ఒడెయరు కట్టించెననియు, ఆ కట్ట రెండు కొనలయందును అనంతసాగరము, బుక్కరాయసముద్రము అను ఊళ్ళు వెలసెననియు చరిత్ర చెప్పుచున్నది. ఆ చెరువు ఎన్ని పుట్ల ధాన్యమును పండించెనో లెక్క వ్రాసిన కరణములు గలరు గాని, ఎన్ని యిండ్ల నేలలకు అది మన్ను పోసెనో వ్రాసినవారు లేరు.

మట్టినేల చల్లన, మెత్తన, ఖర్చులేనిది. అన్ని గుణములు గల ఈ నేలకు ఈ సీమలో ఒక్కటే వైరి, నీటికొరత. నైరుతి మేఘములు పడమటి కనుమల మీదనే తమ బరువును దించుకొని వచ్చును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమును దాటి ఇంత లోపలికి వచ్చునప్పటికి వట్టిపోవును. రెంటి నడుమ చిక్కిన యీ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన. ఒక నట్టింటిని అలుకుటకు రెండు కడవల నీరు కావలెను. బావి అడుగంటిన యేట వారమునకొకసారి యలుకుట పక్షమునకు దిగును, పక్షము మాసమగును. పిదప నేల పొడియై, నడచినచోటెల్ల దుమ్ము లేచి, గోడమూలలను చెదలెక్కును. కరవు వచ్చినదని కలెక్టరు కచేరి చాటకమునుపే నట్టింటి నేల చాటుచుండెను.

ఆ నేల కడుపున మరియొక రహస్యము గూడ దాగియుండెను. దానికి పాతర యని పేరు. లోతైన గొయ్యి త్రవ్వి, చుట్టును అడుగునను గడ్డి పేర్చి, జొన్నలు నించి, మూతవేసి, మట్టి కప్పి, పైన అలికివేసినచో, ఆ యింటికి క్రొత్తగా వచ్చినవాడు ధాన్యము మీద నిలుచుండియు దాని నెరుగడు. పాతర తెరచిననాడు ఎవ్వరును వెంటనే దానిలోనికి దిగరు. మూసిన గోతిలో చెడుగాలి నిండియుండును గనుక ముందుగా దీపమును దించి, అది ఆరిపోకున్న తరువాతనే మనిషి దిగుట ఆచారము. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును మాడ్చిన మహాక్షామమును మా పెద్దలు ధాత కరవనిరి, ధాతనామ సంవత్సరమున అది మొదలగుటవలన. ఆ కరవు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని సర్ రిచర్డు టెంపులు దొర తీర్మానించెను. కంకర కొట్టుచు ఆ కూలి తిన్నవాని ఇంటిలో పాతర యేనాడో ఖాళీయై, నేల గొయ్యిగానే మిగిలియుండును. నట్టింట బండ పరచుటయనగా ఆ గోతిని శాశ్వతముగా పూడ్చివేయుట. ధాన్యము అంగడిలో దొరకునను నమ్మకము కుదిరినగాని ఆ పనికి రైతు మనసొగ్గియుండడని నా యూహ.

కలవారి ఇండ్లలో మట్టికి మారుగా గచ్చు ఉండెను. గుండ్రని కాలువవంటి గానుగలో రాతిచక్రమును ఎద్దు త్రిప్పుచుండగా, సున్నమును ఇసుకయు నలిగి నలిగి వెన్నవలె అగువరకు రుబ్బి, బెల్లపునీటిని కరక్కాయ కషాయమును చేర్చి, నేలపై పరచి, గుండ్రాతితో దినములకొలది రాచి రాచి మెరపించుచుండిరి. పని ముగిసిన గచ్చును తడి ఆరనీయక కాపాడవలెను, అందుచేత నీరు సమృద్ధిగా గల యేటనే గచ్చు పని పెట్టుకొనెడివారు. అది మహళ్ళకు, మఠములకు, కొందరు పెద్దరెడ్ల మిద్దెలకు చెల్లినది. దాని కథ అంతటితో సరి.

సామాన్యునికి దక్కినది రాయి. ఈ సీమకు దేవుడు నీరు తక్కువ యిచ్చిన మాట నిజమేగాని, రాతి విషయమున లోభింపలేదు. ఈ సీమలో అధికభాగము నల్లరాతి గుండ్ల దేశము. హిందూపురము, మడకశిర, కల్యాణదుర్గము ప్రాంతముల పల్లెలలో మేతగుట్టలపై పరచియున్న ఏకశిలమీద కట్టెలు పేర్చి మంటపెట్టి, ఆ మంటను మెల్లగా జరుపుచుపోయినచో, వేడికి రాతిపొర లోపలినుండి విడివడును. సుత్తితో కొట్టి చూచుచు ఎంతమేర విడినదో శబ్దమునుబట్టి కనుగొని, ఉలితో గీతలు గీచి పలకలుగా తీయుచుండిరి. మరియొక పద్ధతి, వరుసగా రంధ్రములు చేసి ఎండిన కొయ్యమేకులు దిగగొట్టి వానిని తడుపుట. కొయ్య ఉబ్బును, రాయి పగులును. కుండెడు నీటితో కొండ చీలునని చెప్పినచో అతిశయోక్తి యనుకొందురేమోగాని, పాత గుడుల రాళ్ళ అంచులలో నేటికిని ఆ రంధ్రముల వరుస దంతములవలె కనబడుచున్నది.

లేపాక్షికి పోయినవారందరును వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి ఆనందింతురు. తల యెత్తి కప్పునందలి చిత్తరువులను చూతురు. నేను మాత్రము అక్కడి నేలను చూడుడని మనవిచేయుదును. పదునారవ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ యాలయ ప్రాంగణమున రాతినేలలోనే పళ్ళెములు తొలిచియున్నవి. అన్నమునకు నడుమ పెద్దపల్లము, కూరలకు చుట్టును చిన్న గుంటలు. శిల్పులు భోజనము చేసినవని చెప్పుదురు. కొంచెము అవతల సీత పాదమని చూపు పెద్ద అడుగుజాడయందు ఎల్లప్పుడును తడి యుండును. కరవుసీమలో రాతినేల మీద ఆరని తడి యొకటి యున్నదనిన, జనము దానికి మ్రొక్కుటలో ఆశ్చర్యమేమి?

ఇంతవరకు చెప్పినది కష్టపడి తీసిన రాయి. జిల్లా ఈశాన్యపు కొనయందు, పెన్న యొడ్డున తాడిపత్రి వద్ద, భూమి తానే పలకలు పేర్చి పెట్టినది. అక్కడినుండి కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్లల మీదుగా ఒకవైపును, జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్లల మీదుగా మరియొకవైపును వ్యాపించిన ఆ రాతిని మనము నాపరాయి యందుము. అది సున్నపురాయియే, ప్రాచీనసముద్రము అడుగున సన్నని బురద పొరమీద పొరగా దిగి గట్టిపడినది. విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలపై ప్రకటించిన గ్రంథము తరువాత మన ఊళ్ళ పేర్లు శాస్త్రములోనికెక్కినవి. నాపరాతి పొరలకు కడప జిల్లాలోని నార్జి గ్రామము పేరును, వానికంటె మిక్కిలి పాతవైన మట్టిపలకరాళ్ళకు తాడిపత్రి పేరును స్థిరపడినవి. ఆ తాడిపత్రి పొరలలోనికి చొచ్చుకొనివచ్చిన అగ్నిశిలల వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరములని లెక్కగట్టిరి. తాడిపత్రి అంగడివీధిలో ఎవనినైన ఈ సంగతి యడిగి చూడుడు, నవ్విపోవును. ప్రపంచమునందలి భూగర్భశాస్త్ర విద్యార్థులకు తన ఊరి పేరు కంఠస్థమని అతడెరుగడు.

నీటికిని ఈ రాతికిని గల సంబంధమును కన్నులార చూడదలచినవారు తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న బెలుం గుహలకు పోవలెను. 1884లో రాబర్టు బ్రూస్ ఫుటు దొర వానిని గూర్చి వ్రాసెను. పిదప దాదాపు నూరేండ్లు ఎవ్వరును పట్టించుకొనలేదు. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబావరు నాయకత్వమున వచ్చిన జర్మను బృందము లోపలికి దూరి కొలతలు తీసెను. మూడు కిలోమీటర్లకు పైబడిన ఆ బిలమంతయు నల్లని సున్నపురాతిలో నీరు తొలిచిన దారియే. మన నట్టింట అడుగుక్రింద పరచుకొన్న బండకు ఆ బిలపు గోడ దాయాది.

గనిలో ఈ రాయిని తీయు విధము చూడముచ్చటైనది. పైమట్టిని తొలగించిన పిమ్మట పొర కనబడును. సుత్తియు ఉలియు పట్టి చతురస్రముగా గాడిగీసి, పొరల సందున గడ్డపార మొన దూర్చి మెల్లగా మీటినచో, చాపచుట్ట విప్పినట్లు పలక లేచివచ్చును. అంగుళము మందముది నేలకు, రెండంగుళములది మిద్దెకప్పునకు, ఇంకను మందమైనది మెట్లకును అరుగులకును. విరిగినది ప్రహరికి. తాడిపత్రి చుట్టుపట్ల పల్లెలలో గోడ బండ, కప్పు బండ, నేల బండ, గాడి బండ, పొలము గట్టునకు నిలువుగా పాతిన కంచె గూడ బండయే. పరాయిసీమవాడు చూచి ఇదేమి రాతియూరని వెక్కిరించినను వెక్కిరించుగాక, మూడుతరములుగా ఆ కప్పుక్రింద కాపురమున్నవారు ఒక్క తాటియాకు మార్చియెరుగరు.

తాడిపత్రిలో పెమ్మసాని నాయకులనాటి బుగ్గ రామలింగేశ్వరాలయమును, చింతల వేంకటరమణాలయమును శిల్పమునకై చూచుటకు జనులు వచ్చెదరు. 1876లో వెలువడిన తన భారతవాస్తు చరిత్రలో జేమ్సు ఫెర్గుసను అక్కడి అసంపూర్ణ గోపురములను ఎంతయో కొనియాడెను. బుగ్గ యనగా నీటియూట. లింగము క్రింద నిత్యమును నీరూరుచుండుటచే స్వామికి ఆ పేరు వచ్చినది. ఆ మండపముల నేలమీద ఎండకు వెచ్చనై, పాదముల రాపిడికి నునుపై, అక్కడక్కడ మేకపులి ఆటగీతలతో నున్న బండలను మాత్రము ఎవ్వరును వర్ణింపలేదు. శిల్పి పేరు దొరకదని వగచుచుందుము. బండ పరచినవాని పేరును వెదకవలెనను తలంపే మనకు రాదు.

ఆ పరచినవారిలో అధికులు వడ్డెరలు. ఓఢ్రదేశమునుండి వచ్చుటచే ఆ పేరు కలిగెనని చెప్పుదురు. 1909లో థర్‌స్టను ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున వారిలో రాతిపనివారు వేరు, మట్టిపనివారు వేరు అని వ్రాయబడియున్నది. చెరువు త్రవ్వినవారు, కట్టకు రాతిపేర్పు పేర్చినవారు, కోటకు గుండు మోసినవారు, రైలుదారికి కంకర కొట్టినవారు వీరే. గని యున్నచోటికి గుడిసె నెత్తినబెట్టుకొనిపోయి, గని తీరిన పిమ్మట మరియొక చోటికి సాగిపోయినవారగుటచేత, ఊరివారి నట్టిండ్లకెల్ల బండ పరచిన యీ కులము తాను బండపరచిన యింట పండుకొనుటకు చాలకాలము పట్టినది.

మదరాసు నుండి వచ్చిన రైలుదారి కడప, తాడిపత్రి, గుత్తుల మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారిని కలసికొనెను. అంతవరకు ఎద్దులబండి ఎంతదూరము మోయగలదో అంతదూరమే బండకు సంత. రైలు వచ్చినపిమ్మట దానికి దూరదేశపు త్రోవ తెరచుకొన్నది. బొంబాయిలో నేటికిని మరాఠీ గృహిణులు వంటగట్టుపై పరచు నల్లరాతిని కడప్పా యందురు. అది జిల్లా పేరని వారిలో ఎందరెరుగుదురో! తాడిపత్రివారికి ఇందులో చిన్న మనస్తాపము కలదు: బరువు మోసినది వారు, పేరు పోయినది పొరుగూరికి.

ఇక నేలపనిని కుదుర్చుకొను పద్ధతి. పూర్వము రెండు మాటలు రెవెన్యూ కచేరినుండి పల్లెకు దిగివచ్చినవి, ఒకటి అమానీ, రెండవది గుత్త. సర్కారు తానే రైతునొద్ద వసూలు చేసికొనినచో అమానీ. నడుమ నొకనికి మొత్తముగా అప్పగించినచో గుత్త. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి దత్తము చేసిన పిమ్మట, 1807 వరకు కలెక్టరుగానున్న థామసు మన్రో రైతుతో నేరుగా మాటలాడుటయే మేలని వాదించి రైతువారీ నెలకొల్పెను. అతడు వెడలిన తరువాత కొంతకాలము గ్రామములను గుత్తలకిచ్చి చూచిరి. గుత్తదారులలో పలువురు దివాలా తీసిరి, ఊళ్ళు పాడువడినవి. మరల రైతువారీయే దిక్కైనది. ఇల్లు కట్టువాని యెదుటను ఇదే ప్రశ్న నేటికిని నిలిచియున్నది. బండలు తానే కొని, సున్నమో సిమెంటో తానే తెచ్చి, మేస్త్రీకి దినకూలి యిచ్చి, ప్రొద్దుననుండి సాయంకాలము వరకు చెంత కూర్చుండుటయా? లేక చదరపు అడుగుకింతయని మాటలాడి, తాళముచెవి చేతికిచ్చి, ఊరికి పోవుటయా? మొదటిదానిలో పని సాగును, నెలలు గడచును. రెండవదానిలో పని పరుగెత్తును, పరుగెత్తినచోట ఏమి విడిచిపోయెనో తరువాత తెలియును.

మా తాత మొదటి పద్ధతివాడు. నాకు ఎనిమిదేండ్లప్పుడు మా మట్టినట్టిల్లు బండనట్టిల్లయ్యెను. తాడిపత్రి ప్రక్కనుండి వచ్చిన మేస్త్రీ, నెరసిన గడ్డము, చేత ఒక బద్ద, మొలకు చుట్టిన దారపుండ, అంతే. వచ్చినదినమున అతడు పని మొదలుపెట్టలేదు. బండి దిగిన బండల నన్నిటిని గోడకు ఒరగబెట్టించి, ఒక్కొక్కదానిని సుత్తి పిడితో తట్టుచు పోయెను. ఖంగుమన్న బండను కుడివైపునకు, మొద్దుగా పలికినదానిని ఎడమవైపునకు. ఎడమవైపువి గాడిపాలాయెను. రెండవదినమున రంగు చూచి కూర్చెను; ముదురునీలము, బూడిదవన్నె, నడుమ నడుమ పసుపుచాయ. ఆ తరువాతనే మూలలకు దారము కట్టెను.

నాలుగు వరుసలు పరచిన సాయంకాలము, తలుపువద్ద నిలుచుండి చెంబెడు నీళ్ళు నేలమీద పోసెను. అది బావి యెండిన యేడు. వంటింటినుండి మా అవ్వ పరుగున వచ్చినది.

"ఏమబ్బీ, బాయిలో నీళ్ళు లేక మేం ఏడుస్తాంటే నువ్వు బండల మింద పారబోస్తాండావా?"

"పారబోయల్లేదవ్వా, అడుగుతాండా. యాడికి పోవల్లనో అవే చెప్తాయి."

నీరు మూడుబండలు దాటి, నాల్గవదాని యంచున క్షణకాలము ఆగి, ప్రక్కకు తిరిగెను. మేస్త్రీ మాటలాడలేదు. ఆ బండను పెకలించి, అడుగున గుప్పెడు సున్నము పెట్టి, మరల కూర్చుండబెట్టి, పిడికిలితో పొడిచి, మరియొక చెంబు నీటికై చేయి చాచెను. ఈమారు అవ్వయే తెచ్చి పోసినది. నీరు నట్టిల్లు దాటి, గడప ప్రక్కనున్న చిన్న తూముగుండ పెరటిలోనికి దిగి, కరివేపచెట్టు పాదులో ఇంకెను. ఆ చెట్టు ఆ తరువాతి కరవులలో ఎండలేదు. మా ఇంటి నేల కడిగిన ప్రతి చెంబును అది త్రాగినది.

తరువాతి కాలమున సిమెంటు వచ్చినది. 1914లో పోర్‌బందరునందు మొదలైన దేశవాళీ సిమెంటు మన పల్లెలకు చేరుటకు నలుబదియేండ్లు పట్టెను. చేరినపిమ్మట ఎర్రరంగు కలిపి నునుపుగా రాచిన సిమెంటు గచ్చు కొంతకాలము గొప్పింటి గురుతయ్యెను. మొజాయిక్కు వచ్చినది, పోయినది. షాబాదు బండలు వచ్చినవి. పాలరాయి కొందరికి దక్కినది. ఇప్పుడు గుజరాతులోని మోర్బీనుండి లారీలమీద వచ్చు టైల్సు తాడిపత్రి గనుల ముంగిటినుండియే అనంతపురమునకు పోవుచున్నవి. బండల ఊరిలోనే టైల్సు దుకాణములు వెలసినవి. నేను టైల్సును తిట్టను. అవి శుభ్రము, మరకపట్టవు, అన్నియు ఒకే కొలత. కాని వేసవి మధ్యాహ్నమున చాప లేకుండ పండుకొనదగిన నేల ఏదియని ఈ సీమ ముసలివానిని అడుగుడు. నాపబండ యనియే చెప్పును.

నాపబండకును దోషములు లేకపోలేదు. సున్నపురాయి గనుక పులుపు దానికి పడదు. నిమ్మరసము, చింతపులుసు పడినచోట మెరుగు పోయి తెల్లని మచ్చ నిలుచును. ఈ సంగతి తెలియని పనివారు పని ముగించిన పిమ్మట సిమెంటు మరకలు వదలించుటకై యాసిడ్ పోసి కడుగుదురు. బుసబుస పొంగుచుండగా మురికి పోవుచున్నదని సంతోషింతురు. పోవుచున్నది బండ. మందములో హెచ్చుతగ్గులుండును గనుక పరచువానికి ఓపిక కావలెను, ఓపికకు కూలి యెక్కువ. మిషనుమీద కోసి మెరుగుపెట్టిన బండకు ఈ చిక్కు తక్కువగాని, గడ్డపారతో లేపిన బండకు సహజముగా నుండు గరుకుతనము దానికి లేదు. స్నానపు గదిలో జారి పడినవాడు ఆ తేడాను నాకంటె బాగుగా చెప్పగలడు.

అనుభవమున నేను తెలివిగలవాడనని చెప్పుకొనుటకు వీలులేదు. అనంతపురములో ఇల్లు కట్టుకొన్నప్పుడు నేను గుత్తకే యిచ్చితిని. గుత్తేదారు మర్యాదస్థుడు, మాటకారి. చదరపు అడుగు ధర తక్కువ చెప్పెను. గోడవెంట వేయు అడుగుపట్టీ ఆ లెక్కలో చేరదనియు, సందులు నింపుట వేరనియు, విరిగిన బండల నష్టము నాదేననియు తరువాత ఒక్కొక్కటిగా బయటపడెను. తప్పు ఆయనదని యనను, నేను అడుగలేదు. అడుగవలసినది మరియొకటి గూడ అడుగలేదు. గృహప్రవేశమైన మరునాడు వంటింట బిందె దొర్లినది. నీరు పెరటి తూమువైపు పోలేదు. నింపాదిగా నడవలోనికి నడచి, బియ్యపుబస్తాల క్రిందికి చేరినది. గుత్తేదారునకు చివరి వాయిదా అంతకు ముందువారమే ముట్టియుండెను. ఫోను చేసితిని, రేపు వత్తుననెను. బస్తాల క్రింద ఇటుకలు పెట్టుకొని పదునొకండేండ్లు గడిపితిమి.

ఇల్లు కట్టిచూడు, పెండ్లిచేసి చూడు అని పెద్దలనిరిగాని ఏమి చూడవలెనో చెప్పలేదు. నేల పరపింపబోవు పాఠకులకు నా మనవి యిది: రాయి యేదైనను మీ ఇష్టము, గుత్తయైనను దినకూలియైనను మీ వీలు, విరిగిన తునకలు ఎవరివో, పట్టీయు సందులును లెక్కలో చేరునో చేరవో ముందుగా కాగితముమీద వ్రాయించుకొనుడు, యాసిడ్ తాకనీయకుడు, చివరి వాయిదా చేతిలో పెట్టుటకు మునుపు మేస్త్రీని ప్రక్కన నిలుపుకొని, గడపవద్దనుండి ఒక్క చెంబు నీళ్ళు నేలమీద పోసి, అవి ఎటు పోవునో చూడుడు.